వీణా, వేదా? ఒక పాప పేరు వెనక చంద్రుడి లెక్క

డల్లాస్‌లో ఉంటున్న మా చెల్లికి, అంటే పిన్ని కూతురికి, ఒక మంగళవారం రాత్రి తొమ్మిదింటికి పాప పుట్టింది. కబురు అందగానే తెనాలిలో మా పిన్ని మేకుకి తగిలించిన పంచాంగం తీసింది. మంగళవారం రాత్రి తొమ్మిదికి రోహిణి నడుస్తోంది, మూడో పాదం, "వీ" అక్షరం. "వీణ అని పెట్టండర్రా, లక్షణంగా ఉంటుంది" అంది. గుంటూరులో చెల్లి అత్తగారు అదే పంచాంగం చూసి మృగశిర ఒకటో పాదం అన్నారు. ఆ లెక్కన "వే" రావాలి, వేద అనాలి. రెండు రోజులు ఫోన్లు అటూ ఇటూ తిరిగాక చెల్లి నాకు చేసింది. "అక్కా, పుట్టింది ఒక్క పిల్లే కదా, నక్షత్రాలు రెండెలా వచ్చాయే?"

అత్తగారి లెక్కే సరైంది. వేసవిలో డల్లాస్ గడియారం మన కంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ మంగళవారం రాత్రి తొమ్మిదంటే ఇక్కడ బుధవారం పొద్దున ఏడున్నర. ఆ బుధవారం తెల్లవారుజామున నాలుగింటికే రోహిణి అయిపోయింది. చంద్రుడు ఒక నక్షత్రం దాటి ఇంకో నక్షత్రంలో అడుగుపెట్టే క్షణం లోకమంతటికీ ఒక్కటే. ఆ క్షణానికి ఏ ఊళ్ళో ఎన్ని గంటలయిందన్నదే తేడా. పిన్ని అమెరికా టైముని తెచ్చి తెలుగు పంచాంగంలో వెతికింది, అంతే జరిగింది.

చెల్లి ఊపిరి పీల్చుకుంది. కాసేపాగి మళ్ళీ అడిగింది. "సరే, మృగశిరే అనుకో. అయితే ఏమవుతుంది?"

ఆ రెండో ప్రశ్నే నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది. చంద్రుడు ఎక్కడున్నాడు అన్నది ఒక ప్రశ్న. అక్కడుంటే ఏమవుతుంది అన్నది వేరే ప్రశ్న. పంచాంగంలో ఈ రెంటికీ జవాబులు ఒకే అట్టల మధ్య, ఒకే సిరాతో అచ్చయి ఉంటాయి కాబట్టి మనం రెంటినీ ఒకే ముద్దగా నమ్ముతాం, లేదా ఒకే ముద్దగా కొట్టిపారేస్తాం. పాతకాలపు శాస్త్రులు ఇంత కలగాపులగం చెయ్యలేదు. జ్యోతిషాన్ని సిద్ధాంతం, సంహిత, హోర అని మూడు స్కంధాలుగా విడదీసుకున్నారు. గ్రహం ఎక్కడుందో గణించేది సిద్ధాంతం, జాతకం చెప్పేది హోర. సిద్ధాంతం మీద నాకు అపారమైన గౌరవం. హోర మీద నా అభిప్రాయం వేరు. దాని దగ్గరికి వచ్చినప్పుడు దాచుకోకుండా చెబుతాను.

అయిదింట నాలుగు

తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. ఈ అయిదు అంగాల్లో చంద్రుడి జోలికి పోకుండా చెప్పగలిగింది వారం ఒక్కటే. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం. నక్షత్రం అంటే చంద్రుడున్న చోటు. సూర్యచంద్రుల స్థానాలు కూడితే యోగం, తిథిని సగం చేస్తే కరణం. మన భాషకైతే చంద్రుడూ మాసమూ ఒకటే మాట: నెల. నెలవంకలో ఉన్నది చంద్రుడు, నెలజీతంలో ఉన్నది మాసం, వెన్నెలలో ఉన్నది తెల్లని నెల.

తిథి గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. చంద్రుడు తరిగిపోవడం భూమి నీడ వల్ల అని చాలామంది అనుకుంటారు. రాత్రి గదిలో ఒకే ఒక్క బల్బు వెలిగించి, చేతిలో బత్తాయి పట్టుకుని చెయ్యి చాచండి. బల్బు సూర్యుడు, బత్తాయి చంద్రుడు, మీ తల భూమి. బత్తాయి సరిగ్గా బల్బు వైపు ఉంటే మీకు కనిపించేది దాని చీకటి వీపు. అది అమావాస్య. మెల్లగా ఎడమవైపుకి తిరగండి. కుడి అంచున సన్నటి వెలుగు రేఖ మొదలవుతుంది, విదియ నాటి నెలవంక. పావు చుట్టు తిరిగేసరికి సగం వెలుగు, సగం చీకటి: అష్టమి. బల్బుకి పూర్తిగా వీపు పెట్టి, బత్తాయిని తల కంటే కాస్త ఎత్తులో పట్టుకుంటే పండంతా వెలుగుతుంది. పౌర్ణమి. చెయ్యి కొంచెం దించండి, మీ తల నీడ బత్తాయి మీద పడుతుంది. అదీ చంద్రగ్రహణం. నీడకి పని ఆ ఒక్కచోటే. ఏ రోజు చూసినా బత్తాయిలో సగం వెలుగుతూనే ఉంది, ఆ సగంలో మనకెంత కనబడుతోందన్నదే మారింది. ఆ తిరిగిన కోణాన్ని 12 డిగ్రీల చొప్పున 30 ముక్కలు చేస్తే వచ్చేవే మన తిథులు.

అట్లతద్ది నాడు పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్న ఆడపిల్లలు డాబాల మీద నిలబడి తూర్పు వైపు చూస్తుంటారు. పొద్దు గూకి రెండు గంటలు అవుతున్నా చంద్రుడు రాడు. ఎందుకు రాడంటే అది ఆశ్వయుజ బహుళ తదియ కాబట్టి. పౌర్ణమి నాడు సూర్యుడు పడమట దిగుతుంటే చంద్రుడు తూర్పున ఎక్కుతాడు. తరవాత రోజుకి ఇంచుమించు రెండు ఘడియలు ఆలస్యం. ఘడియంటే 24 నిమిషాలు. నేటి లెక్కలో సగటున 50 నిమిషాలు. పెద్దవాళ్ళు తిథిని బట్టి వెన్నెల ఎప్పుడొస్తుందో చెప్పగలిగేవాళ్ళు. పొలానికి నీళ్ళు పెట్టడానికి రాత్రిపూట వెళ్ళేవాళ్ళకి అది చాలా అవసరమైన సంగతి.

రెండు నెలలు ఎందుకున్నాయి?

నక్షత్రాలు 27, తిథులు 30. చంద్రుడు ఒక్కడే అయినప్పుడు ఈ తేడా ఏమిటి?

గోడ గడియారం చూడండి. పన్నెండింటికి రెండు ముళ్ళూ కలిసి ఉన్నాయి. గంట తిరిగేసరికి పెద్ద ముల్లు మళ్ళీ పన్నెండు దగ్గరికి వచ్చింది. కానీ చిన్న ముల్లు అక్కడ లేదు, ఒంటిగంటకి జరిగింది. దాన్ని అందుకోవడానికి పెద్ద ముల్లు ఇంకో అయిదు నిమిషాల పైన నడవాలి. చంద్రుడు పెద్ద ముల్లు, సూర్యుడు చిన్న ముల్లు. రోహిణి దగ్గర బయల్దేరిన చంద్రుడు మళ్ళీ రోహిణికి రావడానికి 27.32 రోజులు. ఈలోగా సూర్యుడు 27 డిగ్రీలు ముందుకి జరిగి ఉంటాడు, అతణ్ణి పట్టుకోవడానికి ఇంకో రెండు రోజుల పైన పడుతుంది. అందుకే అమావాస్య నుంచి అమావాస్యకి 29.53 రోజులు. మొదటి దాని నుంచి నక్షత్రాలు పుట్టాయి, రెండో దాని నుంచి తిథులూ మాసాలూ పుట్టాయి.

అలాంటి మాసాలు పన్నెండు కలిస్తే 354 రోజులే. సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. అలాగే వదిలేస్తే ఉగాది కొన్నేళ్ళకి చలికాలంలోకి జారిపోయేది. అందుకని సూర్యుడు ఏ కొత్త రాశిలోకీ మారని చాంద్రమాసం వస్తే దాన్ని అధికమాసం అని లెక్కలోంచి పక్కకి పెడతారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. అధికమాసంలో పెళ్ళిళ్ళు చెయ్యకపోవడం ఆచారం. కానీ ఆ మాసం పుట్టడానికి కారణం ఈ పదకొండు రోజుల సర్దుబాటే.

ఈ లెక్కలు ఎంత నిక్కచ్చిగా ఉండేవో ఒక్కటి చూపిస్తాను. ఒక మహాయుగంలో, అంటే 43,20,000 ఏళ్ళలో, చంద్రుడు 5,77,53,336 సార్లు నక్షత్రచక్రం చుట్టి వస్తాడని మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం చెబుతుంది. ఆ కాలంలో వచ్చే రోజులు 1,57,79,17,828 అని కూడా చెబుతుంది. ఫోనులో క్యాలిక్యులేటర్ తీసి రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. 27.321674 రోజులు వస్తుంది. ఇవాళ్టి ఖగోళ శాస్త్రం చెప్పే విలువ 27.321661. రెంటికీ తేడా ఒక సెకను పైచిలుకు. దూరదర్శిని లేదు, మంచి గడియారం లేదు. తరాల తరబడి ఆకాశం చూసి గుర్తుపెట్టుకున్నవాళ్ళ ఓపిక అది. నేను మొదటిసారి ఈ భాగహారం చేసినప్పుడు నమ్మలేక మళ్ళీ చేశాను.

రెండు పంచాంగాలు, రెండు పండగలు

మరి అంత నిక్కచ్చిగా ఉంటే పండగ ఒక పంచాంగంలో సోమవారం, ఇంకో పంచాంగంలో మంగళవారం ఎందుకొస్తుంది? ప్రతి ఏడూ ఏదో ఒక పండగకి టీవీల్లో వాదన నడుస్తుంది. దానికి మూలం చంద్రుడి నడక.

చుట్టు తిరిగే సగటు కాలం తెలుసుకోవడం ఒక ఎత్తు, ఫలానా రోజు ఫలానా గంటకి ఎక్కడున్నాడో చెప్పడం ఇంకో ఎత్తు. చంద్రుడి దారి గుండ్రంగా ఉండదు. ఒకసారి భూమికి 3,57,000 కిలోమీటర్ల దగ్గరికి వస్తాడు, ఒకసారి 4,06,000 దాటి పోతాడు. దగ్గరికొచ్చినప్పుడు రోజుకి 15 డిగ్రీల దాకా పరుగెత్తుతాడు, దూరమైనప్పుడు 12 డిగ్రీలకి కూడా ఈడ్చుకుంటూ నడుస్తాడు. కాబట్టి తిథి నిడివి ఏ రోజుకి ఆ రోజు వేరు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకి అదే తిథి అన్నది మామూలు నియమం. నిడివి తగ్గినప్పుడు ఒక తిథి సూర్యోదయమే చూడకుండా పోతుంది. అది క్షయతిథి. పెరిగినప్పుడు ఒకే తిథి రెండు సూర్యోదయాలు చూస్తుంది.

ఎంత పెరగవచ్చు, ఎంత తగ్గవచ్చు? పాత పద్ధతి వారి సూత్రం "బాణవృద్ధి రసక్షయం". మన్మథుడి బాణాలు అయిదు, రుచులు ఆరు. అరవై ఘడియల తిథి అయిదు ఘడియలు పెరిగి 65 దాకా పోవచ్చు, ఆరు తగ్గి 54కి రావచ్చు అని. దృగ్గణితం వారు, అంటే ఆకాశంలో కంటికి కనబడే స్థానంతో సరిపోవాలనేవారు, "సప్తవృద్ధి దశక్షయం" అంటారు. 67 నుంచి 50 దాకా. ఈ కొద్ది ఘడియల తేడాలోనే పండగ ఇటు నుంచి అటు మారిపోతుంది.

ఈ తేడా ఎక్కడిదంటే, సూర్యుడు చంద్రుణ్ణి లాగడం వల్ల. భూమి ఒక్కటే లాగితే చంద్రుడి లెక్క సుళువు. సూర్యుడు కూడా లాగుతుండేసరికి నడకలో మరికొన్ని తూగులు వస్తాయి. సూర్యసిద్ధాంతం దారి గుండ్రంగా లేకపోవడాన్ని సరిచేసింది కానీ ఈ తూగుల్ని పట్టుకోలేదు. పట్టుకున్నవాళ్ళలో మన పొరుగువాడే ఒకాయన ఉన్నాడు. ఒడిశాలో ఖండపడాకి చెందిన సామంత చంద్రశేఖరుడు, 1835లో పుట్టాడు. వెదురుబద్దలతో, కర్రలతో తానే చేసుకున్న పరికరాలతో ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు చంద్రుణ్ణి కొలిచాడు. పంచాంగం చెప్పిన చోట చంద్రుడు లేడని గమనించి, మూడు కొత్త సంస్కారాలు, అంటే లెక్కలో సవరణలు, కనిపెట్టాడు. పడమటి దేశాల పుస్తకాలేవీ చూడకుండా చేరుకున్న ఆ మూడూ అక్కడివాళ్ళు కనిపెట్టిన మూడింటికీ సరిపోయాయి. ఆయన సంస్కృతంలో రాసిన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది.

శాస్త్రాన్ని గౌరవించడమంటే ఆయన చేసినదే అని నాకనిపిస్తుంది. పుస్తకం ఒకటి చెబుతూ ఆకాశం ఇంకోటి చూపిస్తే ఆయన ఆకాశం వైపు నిలబడ్డాడు. 1952లో భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం వేసిన పంచాంగ సంస్కరణ సంఘం కూడా అదే దారి పట్టింది.

రోహిణి చుక్క, రోహిణి గది

దక్షుడి కూతుళ్ళు ఇరవై ఏడుగురు చంద్రుడి భార్యలు. అందరి ఇళ్ళకీ రోజుకొకరి చొప్పున వెళ్ళాల్సినవాడు రోహిణి దగ్గరే ఉండిపోయేవాడట. మిగతావాళ్ళు తండ్రికి చెప్పుకుంటే, ఆయన క్షీణించిపొమ్మని శపించాడు. శివుణ్ణి వేడుకుంటే పక్షం పాటు తరగడం, పక్షం పాటు పెరగడంగా శాపం సడలింది. చంద్రకళలకీ నక్షత్రాలకీ ముడిపెట్టిన అందమైన కథ.

ఆకాశంలో చూస్తే రోహిణి ఎర్రగా మెరిసే చుక్క, వృషభం కన్ను. చంద్రుడు కొన్నేళ్ళపాటు నెలనెలా దాని మీదుగానే పోతూ దాన్ని కప్పేస్తాడు కూడా. మఖ, చిత్త, జ్యేష్ఠ నక్షత్రాల ప్రధానమైన చుక్కలూ అలా చంద్రుడి దారిలోనే ఉన్నాయి. కానీ స్వాతి, శ్రవణం చుక్కలు దారికి ఎంతో ఉత్తరాన ఉంటాయి. చంద్రుడు ఎన్నడూ వాటి దాపులకి కూడా పోడు. మరి "చంద్రుడు స్వాతిలో ఉన్నాడు" అంటే? అక్కడ స్వాతి అన్నది చుక్క పేరు పెట్టిన గది. 360 డిగ్రీల చక్రాన్ని 27తో భాగిస్తే ఒక్కో గది 13 డిగ్రీల 20 నిమిషాలు. దాన్ని నాలుగు చేస్తే పాదం. 27ని నాలుగుతో హెచ్చిస్తే 108 పాదాలు, రాశికి తొమ్మిది పాదాల చొప్పున 12 రాశులు. పాప పుట్టిన నాడు తెల్లవారుజామున నాలుగింటికి చంద్రుడు రోహిణి దాటాడంటే ఈ ఊహాగోడ దాటాడని అర్థం.

మాసాల పేర్లు మాత్రం ఇప్పటికీ కంటికి కనబడే సాక్ష్యాలు. కార్తిక పౌర్ణమి రాత్రి దీపాలు వదిలాక తల పైకెత్తి చూడండి, నిండు చంద్రుడి దాపుల్లోనే కృత్తికల గుంపు ఉంటుంది. చిత్త దగ్గర పౌర్ణమి వస్తే చైత్రం, విశాఖ దగ్గరైతే వైశాఖం.

ఇక్కడే ఇంకో చిక్కు. ఫోనులో ఏదో ఆప్ "నీ చంద్రరాశి మిథునం" అంటుంది, ఇంట్లో వృషభం అంటారు. పడమటివాళ్ళు వసంత విషువత్తు నుంచి, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమైన రోజున సూర్యుడుండే చోటు నుంచి కొలుస్తారు, మనం నక్షత్రాల నుంచి కొలుస్తాం. భూమి ఇరుసు బొంగరంలా తూలుతుండడం వల్ల ఈ రెండు మొదళ్ళూ 72 ఏళ్ళకో డిగ్రీ చొప్పున విడిపోతున్నాయి. ఇప్పటికి తేడా సుమారు 24 డిగ్రీలు. దాని పేరే అయనాంశ. పైగా వాళ్ళ పత్రికల్లో రాశి అంటే పుట్టినరోజు నాటి సూర్యుడి రాశి, మన వార ఫలాల్లో రాశి అంటే చంద్రుడి రాశి.

మనఃకారకుడు

ఇప్పుడు చెల్లి రెండో ప్రశ్నకి వద్దాం. మన జ్యోతిషంలో చంద్రుడికున్నంత పని ఇంకే గ్రహానికీ లేదు. అతను మనసుకి కారకుడు, తల్లికి కారకుడు, నీటికి అధిపతి. కర్కాటకం సొంత ఇల్లు. వృషభంలో ఉచ్చ, వృశ్చికంలో నీచ. శుక్లపక్షంలో బలవంతుడు, శుభుడు. అమావాస్య దగ్గర పడేకొద్దీ క్షీణ చంద్రుడు, పాపి. గురువు చంద్రుడికి కేంద్రంలో, అంటే అదే రాశిలో గానీ అక్కణ్ణుంచి నాలుగు, ఏడు, పదో రాశుల్లో గానీ ఉంటే గజకేసరి యోగం. చంద్రుడికి అటూ ఇటూ రాశుల్లో ఎవరూ లేకపోతే కేమద్రుమం, ఒంటరితనం. ఏలినాటి శని కూడా చంద్రుణ్ణి బట్టే: జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తరవాతి రాశి, ఈ మూడింటినీ శని దాటడానికి పట్టే ఏడున్నరేళ్ళు.

దశలైతే, అంటే జీవితాన్ని గ్రహాలకి వంతులుగా పంచే కాలాలైతే, పూర్తిగా చంద్రుడి గడియారమే. రోహిణికి అధిపతి చంద్రుడు, పదేళ్ళు. మృగశిరకి కుజుడు, ఏడేళ్ళు. పుట్టేనాటికి ఆ నక్షత్రంలో ఎంత వంతు మిగిలిందో దశలో అంత వంతు మిగిలినట్టు. మా పిన్ని లెక్కన పాపకి చంద్రదశ మూడేళ్ళ లోపే మిగిలింది, అత్తగారి లెక్కన కుజదశ ఆరేళ్ళు మిగిలింది. గడియారంలో చేసిన పొరపాటు జాతకమంతా మార్చేసింది. అందుకే జ్యోతిష్కులు పుట్టిన సమయం గురించి అంతగా గుచ్చి గుచ్చి అడుగుతారు.

చంద్రుడికీ మనసుకీ ముడి ఎక్కడ పడింది? పురుషసూక్తంలో "చంద్రమా మనసో జాతః" అని ఉంది. అక్కడున్న అర్థం విరాట్ పురుషుడి మనసులోంచి చంద్రుడు పుట్టాడని. చంద్రుడు మనిషి మనసుని నడుపుతాడని అందులో లేదు. ఆ మలుపు తరవాత వచ్చింది. అయినా ఆ పోలిక ఎందుకు నిలిచిందో అర్థమవుతుంది. రోజూ రూపం మారేవాడు, కుదురుగా ఒకచోట ఉండనివాడు, సొంత వెలుగు లేక ఎవరి వెలుగో పడితే మెరిసేవాడు. మనసుకి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. కవిత్వంగా నేను దాన్ని ప్రేమిస్తాను.

పోలిక వేరు, కారణం వేరు. "సముద్రాన్నే లాగే చంద్రుడు, మన ఒంట్లో ముప్పాతిక నీరే, మనల్ని లాగడా?" అని వాదిస్తారు. పున్నమికీ అమావాస్యకీ పోటు హెచ్చడం నిజం. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరుసలో లాగుతారు కాబట్టి. మన తీరంలో వేటకి వెళ్ళేవాళ్ళకి ఇది బాగా తెలుసు. కానీ సముద్రం పొంగేది చంద్రుడు నీటిని ప్రత్యేకంగా లాగడం వల్ల కాదు. భూమికి ఈ వైపు చంద్రుడికి దగ్గర, ఆ వైపు 12,700 కిలోమీటర్లు దూరం. ఆ రెండు వైపులా లాగే బలాల్లో తేడా ఉంది కాబట్టి పోటు వస్తుంది. మనిషి తలకీ పాదానికీ మధ్య అయిదున్నర అడుగులు. అక్కడ ఆ తేడా భూమి ఆకర్షణలో లక్ష కోట్లో వంతు కన్నా ఎంతో తక్కువ. ఊరి చెరువులోనే పోటు రాదు, ఒంట్లో ఎలా వస్తుంది?

పౌర్ణమికి పిచ్చి ముదురుతుందన్న మాట లోకమంతా ఉంది. 1985లో రాటన్, కెల్లీ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 37 పరిశోధనల్ని ఒకచోట చేర్చి చూస్తే ఆ సంబంధం నిలబడలేదు. నిద్ర విషయం మాత్రం వేరుగా ఉంది. 2013లో స్విట్జర్లాండ్‌లో 33 మందిని పరీక్షించిన నమోదుల్లో పౌర్ణమి రోజుల్లో నిద్ర 20 నిమిషాల దాకా తగ్గినట్టు కనబడింది. 2021లో అర్జెంటీనాలో కరెంటు లేని పల్లెల్లో కూడా పౌర్ణమికి ముందు రాత్రుళ్ళు జనం ఆలస్యంగా పడుకోవడం గమనించారు. కాబట్టి చంద్రుడి ప్రభావమే లేదని నేను అనను. కానీ ఈ ప్రభావం నిజమైతే అందరికీ ఒకేలా ఉండాలి. వెన్నెలకి నీ జన్మరాశి ఏదో తెలియదు.

జాతకాన్ని నేరుగా పరీక్షించినవాళ్ళూ ఉన్నారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మహారాష్ట్రలో చేసిన పరీక్షలో వంద మంది చురుకైన విద్యార్థుల జాతకాలూ, వంద మంది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలూ కలిపి జ్యోతిష్కులకి పంపారు. ఒక్కొక్కరికీ నలభై. ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మందీ సరిగ్గా చెప్పినవి 46 శాతం. బొమ్మా బొరుసూ వేసినా సగం కుదురుతాయి.

ఇది నాకు పుస్తకాల గొడవగా కనబడదు. మా వీధిలో ఒకమ్మాయికి మూల నక్షత్రమని సంబంధాలు వెనక్కి పోతుంటే చూశాను. మూల మామగారికి కీడట, ఆశ్లేష అత్తగారికట, జ్యేష్ఠ బావగారికట. పెళ్ళిచూపులకి ఇస్త్రీ చేయించిన చీర మడత విప్పకుండానే బీరువాలోకి వెళ్ళిపోయేది. ఆ పిల్ల చేసిన నేరమల్లా చంద్రుడు ఆ 13 డిగ్రీల 20 నిమిషాల గదిలో ఉన్న రోజున పుట్టడం. అతను ప్రతి నెలా ఒక రోజు ఆ గదిలోనే ఉంటాడు. మనుషుల్లో ఇంచుమించు 27 మందిలో ఒకరు మూల నక్షత్రం వారే అవ్వాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనం 8.46 కోట్లు. భాగిస్తే 31 లక్షల మంది వస్తారు. వాళ్ళలో సగం ఆడవాళ్ళు. అంతమంది మామగార్లకి కీడు జరిగి ఉంటే మనకి పంచాంగం చూసి తెలుసుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

పాము తల, పాము తోక

రాహుకేతువుల్ని నవగ్రహాల్లో కలిపాం కానీ ఆకాశంలో అక్కడ ఏ వస్తువూ లేదు. సూర్యుడు నడిచినట్టు కనబడే దారికి చంద్రుడి దారి 5 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. రెండు దారులూ ఒకదాన్నొకటి ఖండించుకునే బిందువులు రెండు. చంద్రుడు పైకి దాటే చోటు రాహువు, కిందికి దాటే చోటు కేతువు. ఆ ఏటవాలు లేకపోతే ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం పట్టేది. పౌర్ణమో అమావాస్యో ఈ బిందువుల దగ్గర జరిగితేనే గ్రహణం. ఇవి వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్ళలో చక్రం పూర్తి చేస్తాయి, అందుకే రాహువు ఒక్కో రాశిలో ఏడాదిన్నర ఉంటాడంటారు.

మింగే పాము కథ చెప్పుకుంటున్న రోజుల్లోనే, 499 నాటి ఆర్యభటీయంలో, చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడనీ, భూమి పెద్ద నీడ చంద్రుణ్ణి కప్పుతుందనీ ఆర్యభటుడు సూటిగా రాశాడు. అదే గ్రంథంలో చంద్రుడు నీటితో ఏర్పడ్డాడని కూడా అన్నాడు. చంద్రయాన్-1 చంద్రుడి మీద నీటి ఆనవాళ్ళు కనిపెట్టాక, చూశారా మనకి ముందే తెలుసు అని సందేశాలు తిరిగాయి. ఆర్యభటుడికి అది అన్యాయం. ఆయన అన్నది చంద్రగోళమంతా నీరని, అది తప్పు. చంద్రయాన్ చూసింది అరిగిన తారురోడ్డంత నల్లగా ఉన్న రాతినేలలో అక్కడక్కడా అంటుకున్న అణువుల్ని. ఆయన గొప్పతనానికి గ్రహణం లెక్క చాలు.

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి చంద్రయాన్-3 దిగింది. ఆ రోజు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. ముహూర్తం పెట్టి దింపారా అని నన్ను ఒకరిద్దరు అడిగారు. దిగే చోట అప్పుడే తెల్లవారి, పొద్దు వాలుగా పడుతుండాలి. సౌరఫలకాలకి ఎండ కావాలి, అక్కడ పగలు మన లెక్కలో రెండు వారాలు. చంద్రుడి మీద ఏ చోట ఎప్పుడు తెల్లవారుతుందన్నది సూర్యచంద్రుల మధ్య కోణాన్ని బట్టి ఉంటుంది. ఆ కోణం పేరే తిథి. ఇస్రో వాళ్ళు ఎండ చూసుకుని దింపారు, ఆ ఎండకి మన పంచాంగంలో పేరు సప్తమి. ఎండ తగులుతున్న ఆ నేల మీద పైన 50 డిగ్రీల పైచిలుకు వేడి ఉంటే, అరచేతి వెడల్పు లోతున, 8 సెంటీమీటర్ల దగ్గర, సున్నాకి పది డిగ్రీలు దిగువన ఉందని అక్కడ దిగిన విక్రమ్ ల్యాండర్ కొలిచి చెప్పింది.

పాపకి వేద అనే పెట్టారు. మా పిన్ని మాత్రం వీణమ్మా అనే పిలుస్తుంది, పిల్ల రెంటికీ పలుకుతుంది. మొన్న శుద్ధ సప్తమి నాడు పిన్ని డాబా మీద నుంచి ఫోనులో మనవరాలికి చంద్రుణ్ణి చూపించబోయింది. అక్కడ ఇంకా పొద్దున్నే. వాళ్ళకి సాయంత్రమై, చెల్లి పాపని ఎత్తుకుని బాల్కనీలోకి వచ్చేసరికి, పిన్ని చూసినప్పటి కంటే చంద్రుడు పదకొండు చంద్రబింబాలు పక్కపక్కన పేరిస్తే ఎంత దూరమో అంత తూర్పుకి జరిగి ఉన్నాడు.